పేరు ఎవరి పేరున ఉంది?

పొద్దున్నే మిత్రుడు ఫోన్ చేసి, "అన్నా, మన వెబ్‌సైట్ తెరిస్తే పేకాట ప్రకటనలు వస్తున్నాయి" అన్నాడు. ఆయన అమ్మేది నీళ్ల మోటార్ల విడిభాగాలు. మోటార్లకూ పేకాటకూ చుట్టరికం ఎలా కలిసిందో నాకు వెంటనే తెలిసిపోయింది. డొమైన్, అంటే డబ్బు కట్టి ఉంచుకునే సైట్ అడ్రస్ పేరు, గడువు తీరింది.

"డొమైన్ ఎవరి పేరున ఉంది?"

"మన కంపెనీ పేరే కదా."

"పేరు కంపెనీదే. ఎవరి పేరున ఉంది?"

"అదే చెప్తున్నా కదన్నా, కంపెనీ పేరే!"

ఇలా పావుగంట నడిచింది.

పేరు విషయంలో ఈయన అశ్రద్ధ చేశాడనుకుంటే మహాపాపం. మూడేళ్ల క్రితం జరిగిన నామకరణ సభకు నేనే సాక్షిని. మూడు గంటలు సాగింది. అనుకున్న పేరు ఎవరో ముందే కొని పెట్టుకున్నారు. ఆ పేరు మీద సైటూ లేదు, సరుకూ లేదు, 'అమ్మబడును' అన్న బోర్డు తప్ప. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని పెద్దలు ఊరికే వెక్కిరించారు. ఇప్పుడు ఆలు సంగతి తర్వాత, ముందు సోమలింగం డాట్ కామ్ కొనేస్తున్నారు. అదీ తమ కొడుక్కి కాదు, మీ కొడుక్కి అమ్మడానికి.

మిత్రుడి బావమరిది, మధ్యలో హైఫన్ పెడదామన్నాడు. ఫోన్లో అడిగినవాళ్లకు ఎలా చెప్తావంటే "అడ్డగీత, కింద గీత కాదు, మధ్య గీత అని చెప్తా" అన్నాడు. అకౌంటెంట్ చివర ఇంకో జెడ్ తగిలిద్దామన్నాడు. ఇంకెవరో అచ్చులన్నీ తీసేస్తే స్టైల్‌గా ఉంటుందన్నారు. తీసేసి బోర్డు మీద రాశారు. దాన్ని పైకి చదవబోయిన గుమాస్తా తుమ్మినట్టయింది. ఈ గోలలో నేను నోరు జారి, చుక్కకు ముందు పేరు 63 అక్షరాలు మించకూడదని చెప్పాను. నేను చెప్పింది హద్దు, వాళ్లకు వినబడింది టార్గెట్. ఓనర్ పేరు, నాన్నగారి పేరు, 'అండ్ సన్స్', 'మోటార్ స్పేర్స్', 'క్వాలిటీ' అన్నీ కూర్చి లెక్కపెడితే 61 వచ్చాయి. "ఇంకా రెండు మిగిలిపోతున్నాయే" అని బావమరిది నిజంగా బాధపడ్డాడు.

చివరికి చిన్న పేరే ఒకటి కుదిరింది. మరి కొనేది ఎవరు? "సైట్ చేసే కుర్రాడు చూసుకుంటాడులే" అన్నారు. ఈ ముక్క తేలడానికి మూడు సెకన్లు పట్టింది.

కుర్రాడు చూసుకున్నాడు. తన అకౌంట్‌లో, తన పేరున, తన ఫోన్ నంబరుతో చూసుకున్నాడు. ఈమెయిల్ మాత్రం ప్రొఫెషనల్‌గా ఉంటుందని ఆ డొమైన్‌దే, 'ఇన్ఫో' అన్న అడ్రస్ ఇచ్చాడు. దాన్ని తెరిచిన మనిషి లేడు. డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే ఐక్యాన్ సంస్థ నిబంధన ప్రకారం, పేరు అమ్మిన కంపెనీ, అంటే రిజిస్ట్రార్, సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి, గడువు తీరాక ఐదు రోజుల్లో ఇంకోసారి గుర్తుచేయాలి. మొదటి రెండు మెయిళ్లూ ఆ పెట్టెలోనే పడి ఉన్నాయి. మూడోది బయల్దేరేసరికి డొమైన్‌తో పాటు మెయిలూ ఆగిపోయింది. ఇంటికి తాళం పడిందన్న కబురును ఆ ఇంటి తలుపు కిందనుంచే లోపలికి తోసినట్టు!

పెద్దవాళ్లకూ తప్పలేదని ఓదార్చాను. 1999 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ వాళ్లు తమ లాగిన్ సేవ పాస్‌పోర్ట్ డాట్ కామ్ రెన్యువల్ మర్చిపోతే జనం వాళ్ల ఈమెయిల్ సేవ హాట్‌మెయిల్లోకి వెళ్లలేకపోయారు. చివరికి ఒక లినక్స్ ప్రోగ్రామర్ తన కార్డు మీద 35 డాలర్లు కట్టి గట్టెక్కించాడు. 2015లో గూగుల్ డాట్ కామ్‌ను గూగుల్ తన సొంత దుకాణంలోనే ఒక మాజీ ఉద్యోగికి 12 డాలర్లకు అమ్ముకుంది. అతను ఒక నిమిషం ఓనర్. ఇదంతా విని మిత్రుడి గొంతులో కొంచెం గర్వం కూడా పలికింది. "అయితే మనకీ ఎవరో ఒకరు కడతారంటావా?"

కట్టాల్సిన కుర్రాడికి ఫోన్ చేశాం. "అది నా ఎసెట్ సార్. కావాలంటే మార్కెట్ రేటుకు ఇస్తా" అన్నాడు. సైట్ మొత్తం కట్టినందుకు తీసుకున్న దానికి రెట్టింపు అడిగాడు.

ఇక్కడ నాకు జోకులు రావడం లేదు. ఎవడి ఎసెట్? మూడేళ్లూ బిల్లులో 'డొమైన్ చార్జీ' అని రాసి డబ్బు పుచ్చుకున్నావు కదా! పొలం కొనిపెట్టమని డబ్బిస్తే తన పేరున రాయించుకున్నవాణ్ని ఊళ్లో ఏమంటారో నిన్నూ అదే అనాలి. ఆర్డర్లు ఆగిపోయాయి. అడ్వాన్సు పంపినవాళ్లు సైట్ తెరిచి, పేకాట చూసి, వీడు బోర్డు తిప్పేశాడేమోనని ఆయన్ని తిడుతున్నారు. ఇన్నేళ్లు నమ్మకంగా బతికిన మనిషి ఇంటింటికీ సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. ఈ పని చేసే ఇంకో ఇద్దర్ని అడిగితే "ఫీల్డ్‌లో ఇది కామనే సార్" అన్నారు. కామన్ అట! జేబు కొట్టడం కూడా బస్సుల్లో కామనే.

పోరాడే దారి ఉంది. డొమైన్ తగాదాలు తీర్చడానికి యూడీఆర్‌పీ అనే పద్ధతి 1999లో పెట్టారు. పేరు మన ట్రేడ్‌మార్క్‌ను పోలి ఉందని, అవతలివాడికి దానిమీద న్యాయమైన హక్కు లేదని, దురుద్దేశంతోనే రిజిస్టర్ చేసి వాడుతున్నాడని, మూడూ రుజువు చేయాలి. ఈ తగాదాలు వినే ప్రపంచ మేధో సంపత్తి సంస్థ వైపో దగ్గర ఒక్క ప్యానెలిస్టుతో, అంటే ఒక్క తీర్పరితో, తేల్చుకోవాలన్నా ఫీజు 1,500 డాలర్లు.

"నీకు ట్రేడ్‌మార్క్ ఉందా?"

"లోగో ఉందన్నా."

ఇక మిగిలింది ఎదురుచూడటం. డాట్ కామ్ అయితే గడువు తీరాక 45 రోజుల దాకా, ఆపైన జరిమానాతో ఇంకో 30 రోజులు ఉన్న ఓనరే కాపాడుకోవచ్చు. తర్వాత 5 రోజులు ఎవరూ ముట్టుకోలేరు. ఆపైన దొరికినవాడిదే. కుర్రాడు మొండికేసి వదిలేస్తే ఆ పూట పట్టేద్దామని మిత్రుడు రోజులు లెక్కపెడుతున్నాడు. సోమలింగాన్ని కొనేవాళ్లూ ఆ రోజు కోసమే కాచుకుని ఉంటారని చెప్పాను.

"భయం లేదన్నా, ఈసారి రిమైండర్ పెట్టుకున్నా."

"ఏ మెయిల్‌కి?"

ఫోన్లో కాసేపు చప్పుడు లేదు. "మనకున్నది ఇన్ఫో ఒక్కటే కదా" అన్నాడు.