పర్లాకిమిడికి 33 బైట్లు

సీ భాషలో రాసిన కోడ్‌ను ఫ్లాఫైండర్‌తో (కోడ్‌లో భద్రతా లోపాలు వెతికే పరికరం) వడకట్టి, పై స్థాయి హెచ్చరికలు లేకుంటే నిశ్చింతగా ఉండవచ్చని ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో రాశారు. అక్కడే నాకు పేచీ.

2001 నుంచి ఉన్న ఆ పరికరం మంచిదే. కానీ అది ప్రోగ్రామ్‌ను అర్థం చేసుకోదు. ప్రమాదకరమైన ఫంక్షన్ల పేర్లు వెతికి, ప్రమాదాన్ని బట్టి 0 నుంచి 5 దాకా మార్కులు వేస్తుంది; ఎక్కువైతే ఎక్కువ ప్రమాదం. హద్దు చూడకుండా ఇన్‌పుట్ చదివే గెట్స్‌కు 5, అలాగే హద్దు చూడకుండా కాపీ చేసే స్ట్రింగ్‌కాపీకి 4. పొడవు చెప్పి వాడే 'ఎన్' రకం స్ట్రింగ్‌కాపీకి 1 మాత్రమే.

ఆ 1 దగ్గరే మేము బోర్లాపడ్డాం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా. ఇక్కడి ఒక దుకాణానికి రాసిన బిల్లుల ప్రోగ్రామ్‌లో ఊరి పేరుకు 32 బైట్లు కేటాయించాం. పర్లాకిమిడి ఇంగ్లీషులో (Parlakhemundi) అయితే 13 అక్షరాలే, అంటే 13 బైట్లే కదా! యజమాని తెలుగులో బిల్లు కావాలన్నారు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు హల్లుకు 3 బైట్లు, గుణింతపు గుర్తుకు 3, పొల్లుకూ 3. 'పర్లాకిమిడి'కి మొత్తం 33. (ఒడియాలో ఇంకా ఎక్కువ.) మేము వాడిన ఆ 'ఎన్' రకం కాపీ 32 నిండగానే ఆగింది. పేరు ఎక్కడ ముగిసిందో చెప్పే సున్నా బైటు పడలేదు. చివరి గుడి విరిగిపోయి, ఊరి పేరుకు ఫోను నంబరు అతుక్కుని అచ్చయింది.

నవ్వుకున్నాం గానీ, 2014లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ అనే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ భద్రతా లోపంలోనూ హద్దు దాటి చదవడమే జరిగింది. అవతలివారు చెప్పిన పొడవును సరిచూడకుండా మెమ్‌కాపీ (మెమరీని కాపీ చేసే ఫంక్షన్) వాడారు, పక్కనున్న రహస్యాలు బయటికి పోయాయి.

ఇప్పుడు 1 స్థాయి హెచ్చరికలనూ ఒక్కొక్కటిగా చదువుతున్నాం. కుర్రాళ్లు విసుక్కుంటున్నారు, అయినా తప్పదు.