కోటలు చూస్తే లోయ చూసినట్టేనా?

(అమ్మానాన్నలతో ఫ్రాన్స్ ప్రయాణం. పారిస్ తర్వాత ల్వార్ నది లోయ ఎలా చూడాలన్న దగ్గర వదినకూ మరిదికీ పేచీ.)

మరిది: పారిస్‌లో పొద్దున్నే బస్సెక్కుదాం వదినా. షాంబోర్, షెనాన్సో కోటలు చూపించి రాత్రికి దింపేస్తారు. పెట్టెలు మోసే పని లేదు, ఎవరికీ టెన్షన్ లేదు.

వదిన: మరి నదో? 2000లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది సుల్లీ అనే ఊరి నుంచి షలోన్ అనే ఊరి దాకా తీరమంతటినీ. ఆ తీరంలోని తూర్ ఊళ్లో మకాం పెడదాం, పారిస్ నుంచి రైల్లో గంటకు కాస్త ఎక్కువ. వేసవిలో నీళ్లు తగ్గి ఇసుక దిబ్బలు తేలతాయి, పిట్టలు ఆ ఇసుకలోనే గుడ్లు పెడతాయి. ఆ కోటల తెల్లరాయి ఎక్కడిదనుకున్నావు? ఒడ్డున ఉన్న కొండలదే. రంపంతో కోసేంత మెత్తన. తవ్వగా మిగిలిన గుహల్లో జనం కాపురాలు పెట్టారు. సోమ్యూర్ వైపు కొండ గోడకే తలుపూ కిటికీ ఉంటాయి, పైన గడ్డిలోంచి పొగగొట్టం! కొన్నిట్లో ఇప్పటికీ పుట్టగొడుగులు పెంచుతారు. బస్సు అక్కడ ఆగుతుందా?

మరిది: నాన్న మోకాళ్ల సంగతేంటి? షాంబోర్‌కి రైలే లేదు, బ్లువాలో దిగి ఇంకో పదిహేను కిలోమీటర్లు పోవాలి. చిన్న ఊళ్లలో మధ్యాహ్నం రెండు దాటితే హోటల్లో వంట ఆపేస్తారు. అమ్మ శాకాహారి. మీరు గుహలంటున్నారు, వాళ్లు ఆకలంటారు.

వదిన: షాంబోర్ విషయంలో నీ మాటే నిజం, ఆ రోజుకి కారు మాట్లాడదాం. వంటగది ఉన్న ఇల్లు తీసుకుంటే అత్తయ్యకు అన్నం, పప్పు నేను చూసుకుంటాను.

మరిది: షాంబోర్ మాత్రం మానేది లేదు. లియోనార్డో డావిన్చి గీసిన మెట్లు!

వదిన: ఆయనే గీశాడని రుజువేది? 1519 మేలో అంబ్వాజ్‌లో పోయాడు. కోట పని మొదలైంది సెప్టెంబరులో.

మరిది: ముందే గీసి ఉండొచ్చుగా? రాజు ఫ్రాన్స్వా ఆయన్ని పిలిపించుకుని మరీ పక్కన పెట్టుకున్నాడు. రెండు మెట్ల వరసలు ఒకదాన్నొకటి చుట్టుకుంటూ పోతాయి, ఎక్కేవాళ్లకు దిగేవాళ్లు ఎదురుపడరు. ఆ ఊహ ఇంకెవరికొస్తుంది?

వదిన: రావచ్చు, కాదనను. కానీ షెనాన్సో సంగతి విను. స్టేషన్ కోట గేటు పక్కనే, మామయ్య ఎక్కువ నడవక్కర్లేదు. షేర్ నది మీద వంతెనలా అరవై మీటర్ల పొడవున గ్యాలరీ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో, ఆ నదే సరిహద్దయింది. ఈ ఒడ్డు జర్మన్ల చేతిలో, గ్యాలరీ చివరి తలుపు తీస్తే అవతల జర్మన్లు ఆక్రమించని ఫ్రాన్స్. యుద్ధం పుస్తకాలు వదలని మామయ్య ఆ తలుపు దగ్గర ఎంతసేపైనా నిలబడాలి. గైడు జెండా వెనక పరుగెత్తించకు.

మరిది: ఇల్లు, కారు కలిపితే బస్సు టికెట్ల కంటే ఎక్కువవుతుంది వదినా.

వదిన: అవుతుంది. పారిస్‌లో షాపింగ్ తగ్గిద్దాం.