ఫోన్‌లో కూసే పిట్టకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ రికార్డింగ్ కూత గారికి,

నెల్లూరు నుంచి పక్షుల నడక సభ్యుడొకడు రాసుకునే మనవి.

ఆదివారం పొద్దున్నే పెన్నా ఒడ్డుకు అంతమందిమి వచ్చింది పిట్టల కోసమేనని తమరు నమ్మి ఉంటారు. సగం మందికి కారందోశ తినేదాకా పొద్దుపోవాలి, మిగతావాళ్లకి రొయ్యల రేటు మాట్లాడుకోవాలి. సరే, అది మా గొడవ.

సర్కారు తుమ్మ పొదలో బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ ఒకటి 'చక్... చక్' అంటోంది. మట్టిరంగు పిట్ట, పదీ పన్నెండు గ్రాములుంటే గొప్ప. ఆకు అడుగు నుంచి పురుగును లాగి, మింగి, కొమ్మ మారి, మళ్లీ 'చక్'. చలికాలమంతా మన దగ్గరే గడిపింది. ఇక రాత్రిళ్లు ఎగురుకుంటూ సైబీరియాకో, ఫిన్లాండ్ వైపుకో పోవాలి. ఒంట్లో పట్టిన కొవ్వే దానికి దారి ఖర్చు. మాకు పోజులివ్వడానికి టైమెక్కడిది?

అప్పుడు తమరు వేంచేశారు. మాలో ఒకాయన పిట్టను పొదలోంచి బయటికి రప్పించాలని ఫోన్ పైకెత్తి, వాల్యూమ్ ఫుల్లుగా పెట్టి, అదే జాతి పిట్ట కూతైన తమర్ని వదిలాడు. పిట్ట తినడం ఆపేసింది. తన చోట్లోకి ఇంకోడు దూరాడనుకుని, ఈ కొమ్మకీ ఆ కొమ్మకీ ఎగురుతూ లేని పగవాణ్ణి వెతికింది. 'వచ్చిందబ్బా!' అని కెమెరాలన్నీ లేచాయి. ఫోటో బ్లర్. 'ఇంకోసారి వెయ్ నా!' అన్నారెవరో. తమకేం, చార్జింగ్ ఉన్నంతసేపూ ఆకలీ ఆయాసం లేకుండా కూస్తారు.

1840ల్లో ఇదే నెల్లూరులో సర్జన్‌గా చేసిన జెర్డాన్ దొర, పాపం, తమరి సాయం లేకుండానే పక్షుల మీద పుస్తకం వేశాడు. పిట్టల తెలుగు పేర్లు యానాదుల్ని అడిగి తెలుసుకున్నాడు. ఆరోజు ఒడ్డున వల బాగుచేసుకుంటున్న యానాది తాత ఒకాయన, తమరు మళ్లీ కూయగానే, తలెత్తకుండానే 'అది ఫోనయ్యా' అన్నాడు. ఆయన మాట ఎవరు వింటారు? ఆయన దగ్గర యాప్ లేదు కదా.

అసలు సంగతి ఇది. ఏటి మలుపు అవతల ఉన్న మావాళ్లు తమరి గానం విని లిస్టులోకి ఎక్కించేశారు. ఆనాటి లెక్కలో బ్లైత్స్ రీడ్ వార్బ్లర్లు రెండు: పొదలోది ఒకటి, తమరొకరు. ఆ ఎంట్రీ కొట్టేయమని తమరే వాళ్లకి ఒక మాట చెప్పాలి. మేం చెబితే, 'మా చెవులతో స్పష్టంగా విన్నాం' అని పోట్లాటకొస్తున్నారు.

ఇట్లు,
దోశ చల్లారిపోయిన సభ్యుడు