వెయ్యి రూపాయల ఫీజు, ఒక్క నెల మరుపు
కొన్నదాంట్లో కొంత శాతం వెనక్కిచ్చే క్యాష్ బ్యాక్ క్రెడిట్ కార్డుతో ఖర్చు పెడుతూనే ఆదా చేయొచ్చని మీ వ్యాసంలో రాశారు. నిజమే గానీ, నా లెక్క కూడా చూడండి. కార్డు వార్షిక ఫీజు 999, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిస్తే 1,179. ఆన్‌లైన్ కొనుగోళ్లకు 5 శాతం, మిగతా వాటికి 1 శాతం వెనక్కి. నెలకు ఆన్‌లైన్‌లో 4 వేలు, బయట 6 వేలు గీకితే వచ్చేది 260. ఏడాదికి 3,120. ఫీజు పోగా మిగిలేది 1,941. మా ఇంట్లో పెద్ద ఖర్చులు అద్దె, పెట్రోలు, బీమా. మూడింటికీ నా కార్డులో పైసా రాదు. కిరాణా కొట్టాయన దగ్గర స్వైప్ మిషనే లేదు, స్కాన్ చేయాల్సిందే. ఆ మధ్య మిక్సీ కొనబోతే షాపాయన కార్డయితే 2 శాతం అదనం అన్నాడు. 1 శాతం కోసం 2 ఇవ్వడమేంటని నోట్లే లెక్కపెట్టి ఇచ్చాను.

అసలు దెబ్బ వేరే. పోయిన దసరాకి బిల్లు 18,400 వచ్చింది. ఊరెళ్లే హడావిడిలో మినిమమ్ డ్యూ, అంటే ఆ నెలకి కనీసం కట్టాల్సిన 920 మాత్రం కట్టి ఊరుకున్నా. మా కార్డుకి నెలకు 3.5 శాతం వడ్డీ, అదీ గడువు తేదీ నుంచి కాదు, కొన్న రోజు నుంచే! పైగా పాత బాకీ తీరేదాకా కొత్తగా కొన్నవాటికీ వడ్డీ లేని గడువు ఉండదట. ఆ వడ్డీ జీఎస్టీతో కలిపి వెయ్యి దాటింది. ఏడాది మిగులులో సగానికి పైగా గోవిందా. ఇప్పుడు పూర్తి బిల్లు బ్యాంకు ఖాతా నుంచి దానంతటదే కట్టయ్యేలా ఆటో డెబిట్ పెట్టుకున్నా. కార్డు మాత్రం ఇంకా వాడుతున్నా లెండి.