ఒక్క ప్రసంగం విని పాస్టర్‌ని ఎన్నుకుంటే ఎలా?

మాది చెన్నైలో పెరంబూర్ వైపు ఉన్న తెలుగు సంఘం, ఎక్కువగా రైల్వేలోనూ ఐసీఎఫ్‌లోనూ (రైలు పెట్టెలు తయారుచేసే ఫ్యాక్టరీ) చేసి రిటైరైన వాళ్ల కుటుంబాలు. ఇప్పుడు కొత్త పాస్టర్ గారి కోసం చూస్తున్నాం, సెలెక్షన్ కమిటీలో నేనూ ఉన్నాను. పద్ధతి అందరికీ తెలిసిందే, ఒక్కో ఆదివారం ఒక్కో అభ్యర్థిని పిలుస్తాం, ఆయన వాక్యం చెప్తారు, ఆరాధన అయ్యాక బిర్యానీ పెట్టి పంపిస్తాం, సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపులో "వాక్యం బాగా చెప్పారు" అని మొదలైపోతుంది, సగం ఓట్లు అక్కడే పడిపోయినట్టు లెక్క.

ఈ పద్ధతి మీద నాకు నమ్మకం పోయింది. కొన్నేళ్ల కిందట ఇలాగే ఒకాయన్ని తీసుకున్నాం. గొంతు ఖంగుమనేది, ఆయన ప్రార్థన చేస్తుంటే మా అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకునేది. రెండేళ్లయ్యేసరికి బిల్డింగ్ ఫండ్ రసీదు పుస్తకాలు రెండు కనబడలేదు. ఇళ్లల్లో పనిచేసుకునే ఒక అక్క నెలనెలా వంద రూపాయలు ఇచ్చేది, ఆ రసీదులన్నీ రబ్బరు బ్యాండ్ వేసి బైబిల్ కవర్ జిప్పులో దాచుకుంది, తెచ్చి మా ముందు పెట్టింది. మా లెడ్జర్లో మాత్రం ఒక్క ఎంట్రీ లేదు. అప్పుడు పరిగెత్తి ఆయన అంతకుముందు చేసిన సంఘం ట్రెజరర్‌కి ఫోన్ చేశాం. "తీసుకునే ముందు అడిగుంటే చెప్పేవాణ్ణి కదా బ్రదర్" అన్నారు ఆయన. ఆ మాటకి మా దగ్గర జవాబు లేదు, తప్పు ఆ పాస్టర్‌దే, కానీ ఒక్క ఫోన్ చెయ్యకపోవడం మాత్రం పూర్తిగా మాదే.

అసలు బైబిల్ ఏమంటుందో చూడండి. మొదటి తిమోతి 3వ అధ్యాయంలో అధ్యక్షుడి (అంటే సంఘ కాపరి) లక్షణాలు చెప్తూ నిందారహితుడు, మితానుభవుడు, అతిథిప్రియుడు, ధనాపేక్ష లేనివాడు అని వరసగా వస్తాయి, వాటన్నిటి మధ్య "బోధింపతగినవాడు" అనేది ఒక్కటే ప్రసంగానికి సంబంధించింది. మనం ఆ ఒక్కదానికే పరీక్ష పెట్టి మిగతావన్నీ ఉన్నాయని అనుకుంటున్నాం. ఇక ఆ జాబితా చివర్లో ఉన్నది సంఘానికి వెలుపటివారి దగ్గర మంచి సాక్ష్యం. వెలుపటివారంటే ఎవరు? ఇల్లు అద్దెకిచ్చిన ఓనరు, కిరాణా కొట్టు ఖాతా రాసుకునే అన్న, పక్కింటి వాళ్లు. వీళ్లలో ఒక్కరినైనా ఏ కమిటీ అడిగింది చెప్పండి? పోనీ అపొస్తలుల కార్యములు 6లో చూడండి, విధవరాళ్లకి రోజూ భోజనం సరిగ్గా అందట్లేదని సణుగుడు వస్తే, ఆ వడ్డన పనికే మంచిపేరు పొందిన ఏడుగురిని ఏర్పరచుకోమన్నారు. అన్నం పంచడానికే మంచిపేరు కావాలంటే సంఘం మొత్తాన్ని అప్పజెప్పేవాడి సంగతేంటి?

ఇంకోటి, "మనోడేనా?" అనే ప్రశ్న. ఏ జిల్లా, ఏ కులం, ఎవరి తాలూకు, ఇది పైకి ఎవరూ అడగరు గానీ భోజనాల దగ్గర జరిగేదంతా ఇదే, దీన్ని దాచుకోవడం అనవసరం. ఈ ప్రశ్నే గట్టిగా పట్టుకుని ఉంటే వి.ఎస్.అజరయ్య మనకి దొరికేవారే కాదు. ఆయన తిరునెల్వేలి తమిళాయన, 1909లో దోర్నకల్ వచ్చారు, పెద్దయ్యాక తెలుగు నేర్చుకున్నారు, 1912 డిసెంబర్ 29న ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యారు, 1945లో చనిపోయేదాకా దోర్నకల్ బిషప్‌గానే ఉన్నారు. మాకిప్పుడు కావాల్సింది అటు తిప్పిన అజరయ్య, మా పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు కానీ కీర్తనలు తమిళ అక్షరాల్లో రాసుకుని పాడతారు, వాళ్లతో తమిళంలో కూర్చుని మాట్లాడగలిగే తెలుగు పాస్టర్ దొరికితే ఆయన ఏ జిల్లా అయితే ఏంటి?

తొందర గురించి కూడా చెప్పాలి. మా ఊళ్లో బకింగ్‌హామ్ కాలువ చూసినప్పుడల్లా నాకు ఒంగోల్లో పనిచేసిన అమెరికన్ మిషనరీ క్లౌ దొర గుర్తొస్తారు. 1876-78 కరువులో ఆ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్లు కాంట్రాక్ట్ తీసుకుని వేల మందికి పని ఇచ్చారు, ఆ జనం బాప్తిస్మం అడిగితే మాత్రం కరువు ఉన్నన్నాళ్లూ ఇవ్వలేదు, తిండి కోసం వస్తున్నారేమో అని ఆగారు. తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. విశ్వాసుల విషయంలోనే అంత ఆగిన చరిత్ర మనది, కాపరి విషయంలో మూడు ఆదివారాల్లో తేల్చేస్తున్నాం.

ఆరా తీయడం అంటే పాస్టర్‌ని అవమానించడం అని మా పెద్దలు కొందరు నొచ్చుకుంటున్నారు. నేను ఒప్పుకోను. చాటుగా గుసగుసలు పోగేస్తే అది అవమానం, ముందే ఆయనకి చెప్పి, పాత సంఘం ట్రెజరర్‌నీ ఇంటి ఓనర్‌నీ అడిగి, వచ్చిన మాట కాగితం మీద పెట్టి, ఆయన జవాబు కూడా విని అప్పుడు నిర్ణయం తీసుకుంటే ఆయన పేరుకే కాపుదల. ముందు అడగాల్సినవి అడగకపోతే తర్వాత కోర్టులే అడుగుతాయి, 1947 సెప్టెంబర్ 27న ఇదే ఊళ్లో సెయింట్ జార్జ్ కెథడ్రల్లో మొదలైన సిఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వ్యవహారాలు 2024లో ఇదే ఊరి హైకోర్టు రిటైర్డ్ జడ్జిలను అడ్మినిస్ట్రేటర్లుగా వేసేదాకా వెళ్లాయి, అది చదివి ఏ సంఘం వాళ్లమైనా బాధపడ్డాం.

వచ్చే ఆదివారం రెండో అభ్యర్థి వస్తున్నారు. ఆయన పాత సంఘం ట్రెజరర్ నంబర్ సంపాదించాను, ఫోన్ చేస్తానని అభ్యర్థికి కూడా చెప్పాను, "తప్పకుండా చెయ్యండన్నా, మా ఇంటి ఓనర్ నంబర్ కూడా పంపిస్తాను" అన్నారు. ఆ నంబర్ నిన్న రాత్రే వచ్చింది.