రమేష్ నాయుడు పేరు చెప్పి పాట మొదలుపెడదాం

సొంత ఊళ్లకి దూరంగా ఉన్న మన తెలుగు సంఘం ఏ పండక్కి సాంస్కృతిక కార్యక్రమం పెట్టినా ‘మేఘసందేశం’ సినిమాలోని ‘ఆకాశ దేశాన’ ఎవరో ఒకరు పాడతారు. పాటను పరిచయం చేసేవారు పాడిన ఏసుదాసు గారిని తలుచుకుంటారు, రాసిన వేటూరి గారిని తలుచుకుంటారు, తెర మీద కనిపించిన అక్కినేనినీ తలుచుకుంటారు. బాణీ కట్టిన పసుపులేటి రమేష్ నాయుడు గారి పేరు మాత్రం చాలాసార్లు రానే రాదు. పాట అయిపోతుంది, చప్పట్లు పడతాయి, తర్వాతి అంశం మొదలవుతుంది. నాకు ఇది ప్రతిసారీ కష్టంగా ఉంటుంది.

ఆయనకు గుర్తింపే దక్కలేదని అనను. ‘మేఘసందేశం’కి 1982 సంవత్సరానికి జాతీయ ఉత్తమ సంగీత దర్శకుడి అవార్డు వచ్చింది. ఆ ముందు ఏడాది అదే అవార్డు ‘ఉమ్రావ్ జాన్’కి ఖయ్యాంకి వచ్చింది, ఆ తర్వాతి ఏడాది ‘సాగర సంగమం’కి ఇళయరాజాకి వచ్చింది. మరి కాస్త వెనక్కి వెళ్తే 1979లో ‘శంకరాభరణం’కి మహదేవన్ గారు. ఈ నలుగురిలో ముగ్గురి గురించి మనవాళ్లు గంటలకొద్దీ మాట్లాడతారు. నాలుగో ఆయన దగ్గరికి వచ్చేసరికి ‘ఓ, ఆ పాటలు ఆయనవా?’ అంటారు. పాటలు నోటికొచ్చిన వాళ్లు కూడా ఆ మాటే అంటారు.

ఎందుకిలా అని చాలాకాలం ఆలోచించాను. నాకు తోచినది ఇది: రమేష్ నాయుడు గారు తన బాణీలో కవికి పెద్దపీట వేశారు. వింటున్నంతసేపూ మన మనసు మాట మీదే ఉంటుంది. బాణీ గొప్పగా ఉందని విడిగా అనిపించదు, పాట అలాగే పుట్టిందనిపిస్తుంది. ఆ పెద్దమనసే ఆయన పేరును వెనక్కి నెట్టేసింది.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. ‘మేఘసందేశం’లో ‘ఆకులో ఆకునై’ కవి దేవులపల్లి కృష్ణశాస్త్రి గారిది. ఆయన 1980లోనే వెళ్లిపోయారు, సినిమా వచ్చింది 1982లో. అక్కడ చిన్న మాట మార్చండి, ఇక్కడ ఓ అక్షరం తగ్గించండి అని అడగడానికి కవి లేరు. ట్యూన్ ముందు, మాట తర్వాత అనే పద్ధతి బలపడుతున్న రోజుల్లో, కదపడానికి వీల్లేని మాటకి రమేష్ నాయుడు గారు వరుస కట్టారు. ఇదే సినిమాలో పూర్వకవి జయదేవుడి అష్టపదులూ ఉన్నాయి, అక్కడా అదే పరిస్థితి.

ఇప్పుడు మాత్రలు లెక్కపెట్టి చూడండి, పొట్టి అక్షరానికి ఒకటి, దీర్ఘానికి రెండు. ఆకులో, ఆకునై, పూవులో, పూవునై: ఒక్కొక్కటీ ఐదు మాత్రలు. వేటూరి గారి పాట తీసుకోండి. ఆకాశ, దేశాన, ఆషాఢ, మాసాన: ఇవీ ఐదేసి మాత్రలే. ఇద్దరు కవులు, ఒకే సినిమా, పల్లవి ఎత్తుగడలో ఒకే ఐదు మాత్రల నడక. ఏమరపాటుగా ఉండే సంగీత దర్శకుడి చేతిలో రెండూ అక్కాచెల్లెళ్లలా ఒకే పోలికతో బయటికి వచ్చేవి. ఇక్కడ అలా జరగలేదు. సుశీల గారి గొంతు మెల్లగా ఆ ఆకుల్లోకి, ఆ కొమ్మల్లోకి వెళ్లిపోతుంది, తొందర ఉండదు, ఎవరినీ పిలవదు. ఏసుదాసు గారి గొంతు మాత్రం ఎక్కడో దూరంగా పోతున్న మేఘానికి అందాలని సాగుతుంది. ఒకటి తనలోకి తాను ఒదిగిపోయే పాట, ఇంకొకటి తనను దాటిపోవాలనుకునే పాట. రెండు పాటలూ వెంటవెంటనే పెట్టుకుని విన్నారంటే నా మాట మీకే తెలుస్తుంది. ఆ ఇద్దరు గాయకులకీ ఈ సినిమాకే జాతీయ అవార్డులు వచ్చాయి. నా దృష్టిలో ఆ రెండింటిలోనూ ఈయనకు వాటా ఉంది.

సాహిత్యం బరువున్న పాటలకే ఆయన అనుకుంటే పొరపాటు. ‘శివరంజని’లో ‘జోరుమీదున్నావు తుమ్మెదా’ వినండి, ‘చిల్లరకొట్టు చిట్టెమ్మ’లో ‘చూడు పిన్నమ్మా’ వినండి. అవి పల్లెటూరి గొంతులు. దర్శకుడిగా జంధ్యాల గారి తొలి సినిమా ‘ముద్దమందారం’, కూచిపూడి చుట్టూ అల్లిన ‘ఆనందభైరవి’, కడుపుబ్బ నవ్వించే ‘శ్రీవారికి ప్రేమలేఖ’, మూడింటికీ ఈయనే. ‘స్వయంకృషి’ విడుదలైన 1987లోనే కన్నుమూశారు.

మనకి ఆయన మరో రకంగానూ దగ్గరివారు. పుట్టింది కృష్ణా జిల్లా కొండపల్లిలో. బొంబాయి వెళ్లారు, కలకత్తా వెళ్లారు, మరాఠీ, బెంగాలీ సినిమాలకు పనిచేశారు. డెబ్భైల మొదట్లో మళ్లీ తెలుగు సినిమాకి తిరిగొచ్చి స్థిరపడ్డారు. అన్నేళ్లు పరభాషల మధ్య గడిపిన మనిషి తెలుగు మాటను అంత శ్రద్ధగా పట్టుకోవడం నాకు ఆశ్చర్యంగా తోచదు. దూరంగా ఉన్నవాడికి సొంత భాష ఇంకా బాగా వినబడుతుందని ఈ పత్రిక చదివేవారికి నేను చెప్పక్కర్లేదు.

మా ఇంట్లో కుర్రవాళ్లు అడుగుతారు, ఇళయరాజా అంత పెద్ద ఆర్కెస్ట్రా రాశారు కదా, ఈయనలో ఏముంది అని. ఇళయరాజా గారి ప్రతిభ మీద నాకు అపారమైన గౌరవం ఉంది. కానీ పోటీ పెట్టాల్సిన పని లేదు. వాద్యాల కూర్పు కోసం వినే పాటలు కొన్ని ఉంటాయి. పదం పదం విప్పారడం కోసం వినే పాటలు కొన్ని. తెలుగులో ఆ రెండో రకానికి రమేష్ నాయుడు గారిని మించినవారు నాకు కనబడలేదు.

అందుకే కార్యవర్గానికి నా విన్నపం. ఆయన పుట్టింది 1933లో, అంటే 2033 శతజయంతి. దానికింకా సమయముంది కదా అనుకోకుండా ఇప్పటినుంచే ఏటా ఒక అరగంట ఆయనకి కేటాయించండి. పాటల బడిలో పిల్లలకి ‘ఆకులో ఆకునై’ నేర్పండి, ముందు పల్లవిని పద్యంలా చదివించి, ఆ తర్వాతే బాణీ ఎత్తించండి. వ్యాఖ్యాతకిచ్చే కాగితంలో గాయకుడి పేరు పక్కన సంగీత దర్శకుడి పేరుకి ఒక గడి పెట్టండి, ఖాళీగా వస్తే వెనక్కి పంపండి. ఇంకొక్కటి: వేదిక మీద ఈ పాటలకి కీబోర్డులోని రిథమ్ వేసి వేగం పెంచకండి. ఆయన ఏ వేగంలో కట్టారో ఆ వేగంలోనే పాడించండి.