సమాచారం చదవనివారి తరఫున ఒక వకాల్తా

పొలంలో టెంట్లు వేసుకుని మూడు రోజులుండే చిన్న సంగీతోత్సవం అన్నాక వేదిక మీద పాడేవాళ్లు ఉంటారు, కింద కూర్చుని వినేవాళ్లు ఉంటారు. వీళ్ల గురించి రాసేవాళ్లకి కొదవ లేదు. మూడో వర్గం ఒకటుంది. టికెట్‌తో పాటు నిర్వాహకులు పంపిన ‘సందర్శకులకు ముఖ్య సమాచారం’ తెరిచి చూడకుండా, టెంటు డిక్కీలో పడేసి, కుటుంబాన్ని కారెక్కించి బయల్దేరే వర్గం. సంఖ్యలో వీళ్లదే మెజారిటీ అని నా గట్టి నమ్మకం. అయినా ఇంతవరకు వీళ్ల పక్షాన ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ లోటు తీర్చడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

ముందు నిర్వాహకుల ద్వంద్వ నీతి చూడండి. పోస్టర్ మీద పచ్చిక, నక్షత్రాలు, పిల్లాపాపల కేరింతలు. సమాచారం పేజీలో మాత్రం గాజు సీసాలు వద్దు, జనరేటర్ వద్దు, నేల మీద మంట వద్దు, పెంపుడు కుక్క వద్దు, రాత్రి పొద్దుపోయాక మోత వద్దు. స్వేచ్ఛగా గడుపుదామని వచ్చిన మనిషికి ఇన్ని వద్దులా? అడిగితే కారణాలు తయారుగా ఉంటాయి. సీసా పగిలితే ముక్కలు గడ్డిలో కనిపించవట. పిల్లలు చెప్పుల్లేకుండా పరిగెడతారట. పండగ అయ్యాక అదే పొలంలో పశువులు మేస్తాయట. పశువుల మేత గురించి ఇంత దూరం ఆలోచించినవాళ్లు, సీసాతో తప్ప తాగలేని మనిషి గురించి ఒక్క నిమిషం ఆలోచించారా?

చరిత్ర కూడా మా వైపే ఉంది. 1969 ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పాడి రైతు పొలంలో జరిగిన సంగీతోత్సవం ఉడ్‌స్టాక్‌కి 4 లక్షల మందికి పైగా వచ్చారు. కంచె పని పూర్తి కాకపోవడంతో టికెట్లు అడిగే దిక్కే లేకపోయింది. రోడ్లు బిగుసుకుపోతే జనం కార్లు దారిలోనే వదిలేసి నడిచారు. వాన పడింది, బురదలో దొర్లారు. లోకం ఇప్పటికీ తలుచుకుంటోంది. వాళ్లలో పార్కింగ్ సూచనలు చదివి వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ట్రాఫిక్ వల్ల కళాకారులను హెలికాప్టర్లలో దింపాల్సి వచ్చిందని అవతలి పక్షం అంటుంది. చిన్న ఉత్సవానికి హెలికాప్టర్ ఖర్చు ఎవరు పెట్టుకుంటారో వాళ్లే చెప్పాలి.

పోనీ, శ్రద్ధగా చదివినవాళ్లు ఏం బావుకున్నారు? 2017లో బహామాస్‌లో తలపెట్టిన సంగీతోత్సవం ఫైర్ ఫెస్టివల్‌కి విలాసవంతమైన బస అని ఊరించారు. వెళ్లినవాళ్లకి కనిపించినవి విపత్తు బాధితుల కోసం వాడే తరహా టెంట్లు. చదివినవాడూ చదవనివాడూ ఆ గుడారాల ముందు సమానమే. (ఆ ఘనకార్యం చేసినాయన 2018లో మోసం కేసులో ఆరేళ్ల జైలు శిక్ష తెచ్చుకున్నాడు. ‘మా దగ్గర బురద ఉంటుంది, మరుగుదొడ్డి దూరం’ అని ముందే చెప్పే చిన్న ఉత్సవం వాళ్ల మీద ఈ ఒక్క విషయంలో నాకు గౌరవం ఉంది. కానీ వకీలు అలాంటివి బయటికి అనకూడదు.)

ఇక టెంటు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు చీకట్లో టెంటు కట్టి చూడలేదు. వెలుతురు ఉండగానే చేరుకోండి, ఇంటి దగ్గర ఒకసారి వేసి చూసుకుని మేకులు లెక్కపెట్టుకోండి అని సమాచారంలో ఉంటుంది. మా వాళ్లు పొద్దుగూకాకే వస్తారు. కారు హెడ్‌లైట్ల వెలుగులో వాళ్లు చేసే పనిని పక్క టెంట్లవాళ్లు ఉచిత వినోదంగా చూస్తారు. కవర్ మీద ‘నలుగురికి’ అని ఉంటే, నలుగురు భుజం భుజం రాసుకుంటూ, సంచులు బయట పెట్టుకుని, కదలకుండా పడుకుంటే సరిపోతుందని అర్థం. నలుగురున్న కుటుంబం ఆరుగురి టెంటు తెచ్చుకోవాలి. మావాళ్లు ముగ్గురిది తెస్తారు. పిల్లలు చిన్నవాళ్లే కదా అంటారు. పైన రెండు దుప్పట్లు కప్పుకుంటారు గానీ, ఒంట్లో వేడిని గుంజేసేది కింద నేల అని తెల్లవారుజామున తెలుస్తుంది. మామూలు గాలి పరుపు కూడా అప్పుడు ఆదుకోదు, దాని లోపలి గాలీ చల్లబడుతుంది. కింద మందపాటి మ్యాట్ ఉండాలి. ఇది కూడా ఆ పేజీలోనే ఉంటుంది, నాలుగో పేరాలో అనుకుంటా.

రాత్రి మరుగుదొడ్డికి లేచినవాడు ఎవరి టెంటు తాడుకో తట్టుకుని పడతాడు. తలకి కట్టుకునే టార్చ్ తెచ్చుకోమన్నారుగా అని వాలంటీర్ అడుగుతాడు. అప్పుడు మనవాడు చూసే చూపుంటుంది చూశారూ, అది అమాయకత్వానికే నిదర్శనం.

శబ్దం దగ్గరికి వద్దాం. చిన్న ఉత్సవం కాబట్టి స్పీకర్లు కూడా చిన్నవే అయి ఉంటాయని మావాళ్ల లెక్క. అదీ గాక ఇక్కడ ఎవరైనా వేదిక ముందుకి తేలిగ్గా వెళ్లొచ్చు, భుజాల మీద మూడేళ్ల పాపతో సహా. ఉద్యోగుల వినికిడి కోసం అమెరికాలో చేసిన సిఫార్సు ప్రకారం 85 డెసిబెల్స్ మోతలో రోజుకి 8 గంటలు ఉండొచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి పడిపోతుంది. అలా లెక్కేసుకుంటూ పోతే 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలు. అది పెద్దవాళ్ల లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో కచేరీలకు పెట్టిన ప్రమాణంలో కూడా 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటకూడదని ఉంది. అందుకే పసివాళ్లకి చెవులు మొత్తం మూసే రక్షణ కప్పులు తెమ్మంటారు. చెవిలో దూర్చే స్పాంజి బిళ్లలు వాళ్లకి పనికిరావు, నోట్లో పెట్టుకుంటారు. మావాళ్లు ఏమీ తేరు. పాప రెండు చేతులతో చెవులు మూసుకుంటే, ‘చూడండి, ఎంత బాగా ఎంజాయ్ చేస్తోందో’ అని ఫొటో తీస్తారు.

ఫొటో అంటే గుర్తొచ్చింది. పొద్దున్నే పిల్లల్ని ఆ రోజు బట్టల్లో ఒక ఫొటో తీసి పెట్టుకోమని, చేతి పట్టీ మీద మీ ఫోన్ నంబర్ రాయమని, తప్పిపోతే కలిసే చోటు ముందే చూపించమని కూడా అందులో ఉంటుంది. మావాళ్ల పిల్లాడు తప్పిపోతే గుర్తులు ‘నల్లగా చలాకీగా ఉంటాడు’ అని చెబుతారు. ఏ రంగు చొక్కా అంటే భార్య భర్త ముఖం, భర్త భార్య ముఖం చూస్తారు. అంతమంది ఒకేసారి ఫోన్లు పట్టుకునేసరికి నెట్‌వర్క్ ముందే చేతులెత్తేసి ఉంటుంది.

ఉరుముల సంగతి క్లుప్తంగా. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్ల కంటే తక్కువ ఉంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. టెంటు కాపాడదు, లోహపు పైకప్పున్న కారులో అద్దాలు ఎక్కించుకుని కూర్చోవాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా దిగకూడదు. చేతులు సబ్బుతో కడుక్కోవాలన్నదీ అంతే క్లుప్తం. వాంతులు, విరేచనాలు అంటించే నోరోవైరస్ మీద శానిటైజర్ అంతగా పనిచేయదు.

ఒక్క చోట మాత్రం వకాల్తా కాగితం పక్కన పెడతాను. రాత్రి చలిగా ఉందని బొగ్గుల పొయ్యిని టెంటులోకి తెచ్చుకునేవాళ్లున్నారు. మంట ఆరింది, బొగ్గులు బూడిద పట్టాయి, ఇంకేం ప్రమాదం అనుకుంటారు. ఆరిపోతున్నట్టు కనిపించే బొగ్గుల నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. తలనొప్పి, మత్తు, నిద్ర అనుకుని పడుకున్నవాళ్లు లేవరు. టెంటు జిప్ కొంచెం తీసిపెట్టినా సరిపోదు. గ్యాస్ స్టవ్‌కీ ఇదే వర్తిస్తుంది. ఈ విషయంలో చదవనివాడి పక్షాన వాదించడం నా వల్ల కాదు.

కాబట్టి నిర్వాహకులకు ఒక రాజీ ప్రతిపాదన. సమాచారాన్ని ఈమెయిల్‌లో పంపకండి. పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి, ప్రతి తాత్కాలిక మరుగుదొడ్డి తలుపుకీ లోపలి వైపు అతికించండి. మావాళ్లకి అక్కడ వేరే కాలక్షేపం ఉండదు, ఫోన్ చార్జింగ్ మొదటి రాత్రే అయిపోయి ఉంటుంది. ఒక్కటే జాగ్రత్త. మూడో రోజుకి ఆ గదిలో ఎవరూ మొదటి పేరా దాటి నిలబడలేరు. బొగ్గుల సంగతి మొదటి పేరాలోనే వేయండి, సీసాల సంగతి తర్వాత చూసుకోవచ్చు.